బాపు అడిగిండని బెర్గెన్ పోయినం – నార్వేలో నాలుగు రోజులు, నా అనుభవం

మేము ఉండేది జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర. అమ్మ, బాపు ఎండాకాలంల మూడు నెలలు ఉందామని వచ్చిన్రు. వచ్చిన వారానికే అందరం ఫోన్‌ల మ్యాప్ తెరుచుకోని కూసున్నం, ఎటెటు తిప్పాలె వీళ్ళను అని. నేను పారిస్ అన్న, మా ఆయన రోమ్ అన్నడు, అమ్మ మాత్రం మెట్లు తక్కువున్న ఊరు ఏదైనా సరే అన్నది. బాపు చాలాసేపు ఏం మాట్లాడలే, చివరికి "బెర్గెన్ ఇక్కడికి ఎంత దూరం బిడ్డా" అని అడిగిండు. బెర్గెనా, నార్వేదా, నీకెట్ల తెలుసు బాపూ అంటే "హాన్సెన్ ఊరు కదా" అన్నడు, అట్ల అన్నడంటే నాకు తెలిసే ఉంటదన్నట్టు.

ఇక్కడ కొంచెం చెప్పాలె. మా బాపు నిజామాబాద్ జిల్లాలో లెప్రసీ డిపార్ట్‌మెంట్‌ల పారామెడికల్ వర్కర్‌గ చేసి రిటైర్ అయిండు. జాతీయ కుష్టు నిర్మూలన కార్యక్రమం 1983ల మొదలైతే ఆ తర్వాతి ఏడాదే ఉద్యోగంల చేరిండు. సైకిల్ మీద ఊరూరు తిరిగి ఇంటింటికీ పోయి, బడిపిల్లల చొక్కాలు విప్పించి వీపులు చూసి, ఎక్కడన్న తెల్లమచ్చ కనపడితే కళ్ళు మూసుకోమని బాల్ పెన్ను కొసతోటి ముట్టి "ఎక్కడ తాకింది చెప్పు" అని అడుగుడు, మోచెయ్యి వెనక నరం లావైందా అని వేళ్ళతోటి చూసుడు, ఇదే పని ఇరవై ఏండ్ల పైన. మా ఊర్లల్ల ఆ జబ్బును పెద్దరోగం అనేటోళ్ళు, పేరు కూడ పలకకపోయేది. మా బాపును అందరు లెప్రసీ సారు అనేటోళ్ళు, బడిలో నన్ను లెప్రసీ సారు బిడ్డ అంటే నాకు మస్తు కోపం వచ్చేది చిన్నప్పుడు. ఆ జబ్బు చేసే క్రిమిని మొట్టమొదలు 1873ల మైక్రోస్కోప్ కింద చూసింది గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ అనే డాక్టర్, చూసింది బెర్గెన్‌ల. బాపు ట్రైనింగ్ పుస్తకంల మొదటి పేజీ మీదనే ఆ పేరు ఉండేదట. నలభై ఏండ్ల నుంచి మనసులో ఉంచుకున్నడు, మాకెవ్వరికీ చెప్పలే.

ఇగ పారిస్ గీరిస్ పక్కన పెట్టి బెర్గెన్‌కే బుక్ చేసిన. ఎట్ల చేసినమో రాస్త, అమ్మానాన్నలను తీస్కపోయేటోళ్ళకు పనికొస్తది.

వీసా గురించి చాలా మందికి డౌట్ ఉంటది. నార్వే యూరోపియన్ యూనియన్‌ల లేదు కానీ షెంగెన్‌ల (ఒకే వీసాతోటి తిరిగే యూరప్ దేశాల గుంపు) ఉంది. కాబట్టి వీళ్ళకు జర్మనీకి వచ్చిన షెంగెన్ వీసానే చాలు, వేరే ఏం అక్కర్లేదు. కానీ ఎక్కువ రోజులు ఏ దేశంల ఉంటరో ఆ దేశానికే అప్లై చేయాలె, మాది జర్మనీనే కాబట్టి ఇబ్బంది లేకుండె. 180 రోజుల్లో 90 రోజులు దాటొద్దు, ఇన్సూరెన్స్ తక్కువల తక్కువ 30,000 యూరోలకు ఉండాలె, అది నార్వేకు కూడ వర్తించాలె, అది ఒకసారి పేపర్ మీద చదివి చూసుకోండ్రి. డబ్బులు అక్కడ యూరోలు కాదు, క్రోన్లు, మేము పోయినప్పుడు ఒక క్రోన్ దగ్గర దగ్గర మన ఎనిమిది రూపాయలు. నోట్లు మార్చుకోకండ్రి, నాలుగు రోజులు నేను ఒక్క నాణెం కూడ ముట్టలే, అంతా కార్డే.

అసలు ప్రిపరేషన్ మాత్రం వాన గురించి చేయాలె. బెర్గెన్‌ల ఏడాదికి రెండు మీటర్ల పైనే వాన పడతది, మా నిజామాబాద్‌ల ఏడాది మొత్తం కలిపినా మీటరు అటు ఇటు. పడమర నుంచి సముద్రం గాలి తడి మోసుకోని వస్తది, ఊరి చుట్టూ గుట్టలు, ఏడు గుట్టల ఊరు అనే పేరే ఉంది దానికి, ఆ గుట్టలకు తాకి గాలి పైకి లేస్తది, చల్లబడతది, మొత్తం ఊరి మీదనే కుమ్మరిస్తది. 2006 అక్టోబర్ చివర్ల మొదలైన వాన 2007 జనవరి దాక వరుసగ 85 రోజులు ఒక్కరోజు తప్పకుండ పడ్డదట. గొడుగులు వద్దు, గాలికి తిరగబడతయి, మేము తీస్కపోయిన రెండిట్ల ఒకటి మొదటి రోజే పోయింది. మోకాళ్ళ కిందికి వచ్చే రెయిన్‌కోటు, జారని బూట్లు, లోపల ఒక స్వెటర్, జూన్ నెలల కూడ. ఆ పొడుగు రెయిన్‌కోటు వేసుకుంటే బాపు అద్దం ముందర నిలబడి "గొంగడి కప్పుకున్నట్టే ఉంది" అని సంబరపడ్డడు.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్, రెండు గంటలు. ఎయిర్‌పోర్ట్ బయటికి రాంగనే ఎదురుంగ బండమీద పెద్ద పెద్ద అక్షరాలతోటి ఊరి పేరు, పక్కన ప్రశ్న గుర్తు, "బెర్గెన్?" అని. అమ్మ దాన్ని చూసి మనం కరెక్ట్ ఊర్లనే దిగినమా అని నిజంగనే అడిగింది. అక్కడ్నే కింద ట్రామ్ స్టేషన్, బీబానెన్ అంటరు, ఊర్లోకి 45 నిమిషాలు, టికెట్ ఫోన్‌ల స్కిస్ అనే యాప్‌ల కొనుక్కోవచ్చు. టాక్సీ ఎక్కితే దానికి ఎన్నో రెట్లు అయితది, లగేజీ ఎంత ఉన్నా ట్రామే మేలు, మెట్టు కూడ ఎక్కేది లేదు, ప్లాట్‌ఫామ్‌కు సమానంగ ఉంటది, మోకాళ్ళ నొప్పులోళ్ళకు చానా హాయి. మేము ఫ్లోరిడా అనే స్టాప్ దగ్గర వంటిల్లు ఉన్న చిన్న ఫ్లాట్ తీసుకున్నం. వంటిల్లు తప్పకుండ ఉండాలె, ఇది గట్టిగ చెప్తున్న. అమ్మ చేపలు, మాంసం ముట్టదు, బయట ఒక గిన్నె చేపల సూపే మన లెక్కల పదిహేను వందల పైన, ఇగ ముగ్గురికి రెండు పూటలు లెక్క వేసుకోండ్రి. మేము బియ్యం, పెసరపప్పు, చింతకాయ తొక్కు, కారంపొడి పట్టుకపోయినం. పెరుగు, ఆలుగడ్డలు, గుడ్లు అక్కడ సూపర్‌మార్కెట్‌ల తెచ్చుకున్నం. నీళ్ళు నల్లా నీళ్ళే తాగొచ్చు, బాటిల్ కొననే వద్దు.

బ్యాగులు పెట్టి ఫ్రెష్ అయినమో లేదో బాపు తయారై తలుపు దగ్గర నిలబడ్డడు. లెప్రసీ మ్యూజియం రైల్వే స్టేషన్ దగ్గర కాంగ్ ఆస్కార్స్ గాట అనే వీధిల ఉంది, సెయింట్ యోర్గెన్స్ హాస్పిటల్ అంటరు. పోయేసరికి మూసేసిన్రు. నేను టైమింగ్స్ చూసుకోలే, పెద్ద మ్యూజియమేమో సాయంత్రం దాక ఉంటదనుకున్న, అది ఎండాకాలం నెలల్లనే, పగలు కొన్ని గంటలే తెరుస్తరు. బాపు ఏమనలే, తెల్లరంగు చెక్క గోడ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి "రేపు వద్దాం తీ" అన్నడు. రేపు ఫ్యోర్డ్ (గుట్టల మధ్యలకు సముద్రం వచ్చిన లోయ) టూర్ ముందే బుక్ చేసిపెట్టిన, క్యాన్సిల్ కాదు. ఎల్లుండి అన్న. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే, ఒకవేళ ఎల్లుండి కూడ ఏదన్న అయితే ఎట్లా అని.

ఆ సాయంత్రం బ్రిగెన్ దిక్కు నడిచినం. హార్బర్ పక్కన వరుసగ కోణం కప్పుల చెక్క ఇండ్లు, ఎరుపు, పసుపు, తెలుపు, ఫొటోల్లో అందరూ చూసే ఉంటరు, బెర్గెన్ అంటే ఆ ఫొటోనే. 1360 ప్రాంతం నుంచి దాదాపు 400 ఏండ్లు అక్కడ జర్మన్ వర్తకులు, హాన్సియాటిక్ లీగ్ అనే వర్తక సంఘం వాళ్ళు, ఆఫీసు పెట్టుకోని ఉన్నరు. నార్వే ఉత్తరాన పట్టిన కాడ్ చేపను ఉప్పు కూడ వేయకుండ చలిగాలికే కట్టెలాగ ఎండబెట్టి ఇక్కడికి తెచ్చేది, అది తీసుకోని వీళ్ళు ధాన్యం ఇచ్చేది. ఎండుచేప మీద కట్టిన ఊరు అన్నమాట. ఇప్పుడు కనిపించే ఇండ్లు 1702ల పెద్ద అగ్గి అంటుకోని కాలిపోయినంక మళ్ళ పాత తీరుగనే కట్టినవి, 1979ల యునెస్కో లిస్టుల చేరినయి. ముందరి వరుస చూసి ఫొటో దిగి పోకండ్రి, ఇండ్ల మధ్యల సందులు ఉంటయి, లోపలికి పోవాలె, అక్కడ నేల కూడ చెక్కనే, గోడలు ఒకదాని మీద ఒకటి ఒరిగినట్టు ఉంటయి, తడిసిన పాత కట్టె వాసన వస్తది, మా తాతల పెంకుటింట్ల వానాకాలం అటక మీద వచ్చే వాసన అని అమ్మ అన్నది. అగ్గి భయానికి ఆ ఇండ్లల్ల పొయ్యి కాదుకదా చలిమంట కూడ వేసుకోనియ్యకపోయేది, వెచ్చగ కూసోనికి, వండుకోనికి వెనక వేరే ఇండ్లు, షొట్‌స్టూనె అని. పెండ్లి కూడ చేసుకోవద్దు ఆ వర్తకులు, అట్లనే చీకట్ల, చలిల బతికిన్రు. 1955ల మళ్ళ కొంత భాగం కాలితే అక్కడ తవ్వినప్పుడు పాత రూన్ లిపి రాసిన కట్టెపుల్లలు వందలు దొరికినయి. అండ్ల ఎక్కువ రాజుల సంగతులు కావు, మామూలు జనాల మాటలు. ఒక పుల్ల మీద, నువ్వు ఇంటికి రావాలంట, గీడా అనే ఆమె చెప్తున్నది అని ఉంటది. కల్లు దుకాణంల కూసున్న మొగుడికి పంపిన చీటి అయి ఉంటదని అమ్మ చెప్పింది, ఆమెకు ఆ ఊరు అప్పుడే నచ్చింది అనుకుంట.

రాత్రి పదకొండు దాటినా పొద్దు గూకదు జూన్‌ల. అమ్మ ఫ్లాట్‌ల చిన్న దీపం ప్రమిద కూడ తెచ్చింది, కానీ దీపం పెట్టే యాళ్ళ ఎప్పుడో తెలుస్తలేదు అని కిటికీల కెల్లి చూసుకుంట కూసున్నది. చివరికి నిజామాబాద్ టైమ్ ప్రకారం పెట్టేసింది.

రెండో రోజు ఫ్యోర్డ్. దీన్ని నార్వే ఇన్ ఎ నట్‌షెల్ అనే పేరుతో అమ్ముతరు, కానీ గైడ్ ఎవరు ఉండరు, అన్నీ పబ్లిక్ రైళ్ళు, బస్సు, పడవే, టికెట్లు కలిపి ఇస్తరు, విడివిడిగ కూడ కొనుక్కోవచ్చు. పొద్దున బెర్గెన్‌ల రైలు ఎక్కి వాస్, అక్కడ్నుంచి బస్సుల గుడ్వాంగెన్, అక్కడ పడవ ఎక్కి రెండు గంటలకు ఫ్లోమ్, ఫ్లోమ్ నుంచి గుట్ట రైలు ఎక్కి మీర్దాల్, మీర్దాల్ నుంచి పెద్ద రైల్ల వాపస్ బెర్గెన్. పొద్దుమొత్తం పడతది. పోయేటప్పుడు రైల్ల ఎడమ పక్క కిటికీ పట్టుకోండ్రి, నీళ్ళు ఆ పక్కనే ఉంటయి. నేరొయ్‌ఫ్యోర్డ్ అనేది మంచు నదులు వేల ఏండ్లు రాళ్ళను గీకి చేసిన లోయ, తర్వాత సముద్రం లోపలికి వచ్చి నిండింది, ఒక్కచోట వెడల్పు 250 మీటర్లే, రెండు పక్కల నిలువు గుట్టలు, వాన పడ్డందుకు గుట్ట మీద ప్రతి పగులు నుంచి తెల్లటి నీటిధారలు. ఎండ ఉంటే ఇవి సగం ఉండయట, పడవల పనిచేసే పిల్లగాడు చెప్పిండు. మా పడవ కరెంటుతో నడిచేది, ఇంజన్ సప్పుడు లేదు, జలపాతం సప్పుడు మాత్రమే. అమ్మ రెయిలింగ్ పట్టుకోని రెండు గంటలు లోపలికి రాలే. నేను స్వెటర్ అంటే వద్దన్నది, బాపు "ఏమే, సలి పెడతది, వేసుకోరాదు" అంటే అప్పుడు వేసుకున్నది.

ఫ్లోమ్ రైలు 20 కిలోమీటర్లు, సముద్రమట్టం నుంచి 860 మీటర్ల పైకి ఎక్కుతది, పండ్లున్న గేరు చక్రాలు గిట్ల లేకుండ మామూలు పట్టాల మీదనే. 20 సొరంగాలు, అండ్ల 18 చేతులతోటి తవ్వినవే, 1920ల దశకంల మొదలుపెట్టి 1940 దాక పట్టింది. మధ్యల చోస్‌ఫాసెన్ జలపాతం దగ్గర అయిదు నిమిషాలు ఆపుతరు. బాపు మోకాలు ఆ రోజు బాగ నొచ్చింది, దిగలే, కిటికీలకెల్లి చూసిండు. పెద్దోళ్ళతో పోతే ఒక్క మాట, ఆ టూర్‌ల దిగుడు ఎక్కుడు నాలుగు సార్లు ఉంటది, గుడ్వాంగెన్‌ల, ఫ్లోమ్‌ల చాలాసేపు ఆగాల్సి వస్తది, కాబట్టి ఫ్లాస్క్‌ల ఛాయి, డబ్బాల పులిహోర పెట్టుకోండ్రి, మేము ఫ్లోమ్‌ల బెంచీ మీద కూసోని తిన్నం, అంతకన్న మంచి భోజనం నాకు ఆ ట్రిప్‌ల గుర్తు లేదు.

మూడో రోజు. మ్యూజియం తెరిచే టైమ్‌కు అర్ధగంట ముందే పోయి వాన్ల నిలబడ్డం.

సెయింట్ యోర్గెన్స్ 1400ల మొదట్ల నుంచి ఉన్న కుష్టు ఆస్పత్రి. ఇప్పుడున్న కట్టడాలు 1702 అగ్గి తర్వాతివి, పూర్తిగ చెక్కవి. లోపల మధ్యల పొడుగు హాలు, రెండు పక్కల, కింద పైన, చిన్న చిన్న అర్రలు, ఒక్కో అర్రల ఇద్దరు ముగ్గురు. అర్ర ఎంతంటే, రెండు మంచాలు వేస్తే నడవనికి జాగ ఉండదు. పక్కనే వాళ్ళ చర్చి, వాళ్ళ వంటిల్లు. పడమటి తీరం పల్లెల నుంచి వచ్చిన రైతులు, చేపలు పట్టేటోళ్ళు. వచ్చినోళ్ళు ఎక్కువ మంది తిరిగి పోలే. చివరి ఇద్దరు 1946ల చనిపోయిన్రు, ఇద్దరూ యాభై ఏండ్ల పైన అక్కడ్నే ఉన్నోళ్ళు. ఆ అర్ర గుమ్మం దగ్గర బాపు చానాసేపు నిలబడ్డడు. డిచ్‌పల్లి ఆస్పత్రి గుర్తొస్తున్నది అన్నడు. మా నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిల ఇంగ్లీషోళ్ళ కాలంల మిషనరీలు పెట్టిన కుష్టు ఆస్పత్రి ఉంది, బాపు కేసులు అక్కడికే పంపేటోడు, అక్కడ కూడ ఇంటికి పోలేక ఆ ఆవరణలనే ముసలోళ్ళైనోళ్ళను చూసిండు.

హాన్సెన్ కంటే ముందు ఇక్కడ డానియెల్సెన్ అనే పెద్ద డాక్టర్ ఉండె, ఆయన ఇది రక్తంల వచ్చేది, వంశంల దిగేది అని గట్టిగ నమ్మిండు. ఆ రోజుల్ల పేరున్నోడు, పైగ హాన్సెన్‌కు పిల్లనిచ్చిన మామ. సొంత మామ మాటకు ఎదురుపోయి, కాదు, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది అని హాన్సెన్ చెప్పిండు. అది ఒక్క మైక్రోస్కోప్ తోటి తేల్చలే. నార్వే 1856లనే దేశం మొత్తం కుష్టు రోగులను రిజిస్టర్‌ల రాయించుడు మొదలుపెట్టింది, ఊరి డాక్టర్లు, చర్చి పాస్టర్లు ఇల్లిల్లు తెలుసుకోని పేరు, ఊరు, ఎప్పుడు మొదలైంది, ఇంట్ల ఇంకెవరికన్న ఉందా అని రాసి పంపేటోళ్ళు. అప్పుడు దేశంల దాదాపు 3,000 మంది రోగులు, అంత చిన్న దేశానికి. హాన్సెన్ ఆ లెక్కలు ముందర పెట్టుకోని, తానే పల్లెలకు పోయి, ఎవరింట్ల ఎవరికి ముందు వచ్చింది ఎవరికి తర్వాత వచ్చింది అని తిరిగి తిరిగి అడిగిండు.

ఇది నేను ఇంగ్లీష్‌ల చదివి తెలుగుల చెప్తుంటే బాపు మొహం మారిపోయింది. "మేం చేసింది కూడ ఇదే కదనే" అన్నడు. సర్వే రిజిస్టర్, ట్రీట్‌మెంట్ రిజిస్టర్, ఇంట్ల కాంటాక్ట్‌ల లిస్టు, అన్ని ఆయన చేత్తో రాసినవే, మా ఇంట్ల దండెం కింద దొంతరలుండేటివి, నేను వాటి వెనక పేజీల మీద బొమ్మలు గీసి తన్నులు తిన్న. గోలీలు ఊకె ఇచ్చేటివే, డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, కానీ ఆ క్లోఫాజిమిన్‌కు ఒళ్ళు నల్లగైతది, ఆడోళ్ళు మధ్యల బంద్ చేసేటోళ్ళు, వాళ్ళ ఇండ్లకు మళ్ళ మళ్ళ పోయి బతిమాలుడు, నలుగురు చూడకుండ చెట్టు చాటుకు పిలిచి గోలీలు ఇచ్చుడు, ఇవన్నీ నాకు మ్యూజియంల నిలబడి మొదటిసారి చెప్పిండు. ఇన్నేండ్లల్ల నేను అడగలే కూడ.

హాన్సెన్ గురించి మంచే రాసి ఊకోలే ఆ మ్యూజియం వాళ్ళు, అది నాకు గొప్పగ అనిపించింది. 1879ల ఆయన ఒక రోగి స్త్రీ కంట్ల, ఆమెను అడగకుండ, ఇంకో రోగి గడ్డ నుంచి తీసింది గుచ్చిండు, అంటుతదని నిరూపిద్దామని. ఆమె ఫిర్యాదు మీద కేసు అయింది, 1880ల కోర్టు ఆయన్ను ఆస్పత్రి డాక్టర్ పోస్టు నుంచి తీసేసింది. దేశానికి కుష్టు విభాగం పెద్దగ మాత్రం ఉంచిన్రు. బాపుకు ఈ సంగతి తెల్వదు, ట్రైనింగ్ పుస్తకంల ఉండదు కదా. "అడగకుండనా?" అని రెండుసార్లు అడిగిండు నన్ను. తర్వాత చానాసేపు మాట్లాడలే. బెంచీ మీద కూసోని, "అడగకపోవుడు తప్పే బిడ్డా, ఎంత పెద్దోడైనా" అన్నడు. కానీ లేచి మళ్ళ ఆయన ఫొటో దగ్గరికే పోయిండు.

అక్కడ కౌంటర్‌ల కూసున్న అమ్మాయికి మా బాపు ఏం పని చేసిండో చెప్పిన. ఆమె లేచి వచ్చింది, ఇండియాల ఎట్ల పట్టుకునేటోళ్ళు, పిల్లలు భయపడేటోళ్ళా అని ఒక్కొక్కటి అడిగింది. బాపు తెలుగుల, నేను ఇంగ్లీష్‌ల, ఒక గంట నడిచింది. బాపు పెన్ను తీసి నా చెయ్యి మీదనే ఎట్ల చూసేటోడో చూపించిండు, నన్ను కళ్ళు మూసుకోమన్నడు. అప్పుడే ఆమె ఒక మాట చెప్పింది, బెర్గెన్ కుష్టు రికార్డులు, ఆ 8,000 పైన పేర్ల రిజిస్టర్లతో సహా, 2001ల యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాల చేరినయని. బాపు నాతోటి రెండోసారి అడిగించుకున్నడు, రిజిస్టర్లనా, రోగుల రిజిస్టర్లనా అని. విజిటర్స్ బుక్కుల తెలుగుల రాసిండు, పేరు, హోదా, పని చేసిన మండలాలు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాక. సర్వీస్ రిజిస్టర్‌ల రాసినట్టు రాసిండు.

మిగతావి త్వరగ చెప్త. మధ్యాహ్నం ఫ్లోయబానెన్ ఎక్కినం, 1918 నుంచి నడుస్తున్న గుట్ట రైలు, చేపల మార్కెట్ నుంచి నడిచి రెండు నిమిషాలు, పైకి 320 మీటర్లు, కొన్ని నిమిషాలల్లనే తీస్కపోతది. పైన మేకలు స్వేచ్ఛగ తిరుగుతయి, ఊరు మొత్తం చెయ్యి చాపితే అందేటట్టు కింద పరుచుకోని ఉంటది, హార్బర్, దీవులు, సముద్రం. మేము పోయినప్పుడు మొదలు పదినిమిషాలు మబ్బే, ఏం కనపడలే, చానా మంది అప్పుడే దిగిపోయిన్రు, మేము ఆగినం, ఒక్కసారి తెర తీసినట్టు తెరుచుకున్నది. కాబట్టి పైకి పోయినంక మబ్బు ఉందని దిగకండ్రి. దిగేటప్పుడు మోకాళ్ళు మంచిగున్నోళ్ళు నడిచి రావొచ్చు, మంచి బాట. ఉల్రికెన్ అని 643 మీటర్ల గుట్ట ఇంకోటి ఉంది, కేబుల్ కార్ ఉంటది, మేము పోలే. చేపల మార్కెట్ బాపు కోసం పోయినం, సాల్మన్ ముక్క కాల్చింది తిన్నడు, బాగుంది కానీ కారం లేదన్నడు. అమ్మకు అక్కడి దాల్చిన రొట్టె, షిల్లింగ్స్‌బొల్లె అంటరు, బాగ నచ్చింది, రోజుకొకటి తిన్నది.

నాలుగో రోజు పొద్దున ట్రామ్‌ల హోప్ స్టాప్ దాక పోయి, అక్కడ్నుంచి ఇరవై నిమిషాలు నడిచి ట్రోల్‌హౌగెన్ చూసినం, ఎడ్వర్డ్ గ్రీగ్ అనే సంగీతకారుడి ఇల్లు, 1885ల కట్టుకున్నడు. పాట రాసుకోనికి చెరువు ఒడ్డున చిన్న గుడిసె, ఆ పక్కన రాయిల తొలిచిన సమాధి నీళ్ళ దిక్కు చూస్తుంటది. పొద్దున్నే పోతే జనం ఉండరు.

అదే రోజు సాయంత్రం పోయినం, మ్యూజియం తోట అని యూనివర్సిటీ పాత మ్యూజియం వెనక పూలతోట ఉంటది, మా ఫ్లాట్ నుంచి నడిచేంత దూరమే. టికెట్ లేదు. అక్కడ హాన్సెన్ విగ్రహం ఉంది, ఆయన బతికుండగనే 1901ల పెట్టిన్రు, రొమ్ము దాక. తుంపర పడుతున్నది. బాపు టోపీ తీసిండు. దండం పెడతడేమో అనుకున్న, పెట్టలే, చేతులు వెనక కట్టుకోని నిలబడ్డడు, పై ఆఫీసర్ ఇన్‌స్పెక్షన్‌కు వస్తే నిలబడేటట్టు. నేను ఫొటో తీసిన. అది వాళ్ళ రిటైర్డ్ లెప్రసీ స్టాఫ్ వాట్సప్ గ్రూపుల పెట్టమన్నడు, కింద తనే తెలుగుల టైప్ చేసిండు, ఇక్కడ రోగుల రిజిస్టర్లు యునెస్కో దాచిపెట్టింది, మనయి ఎక్కడున్నయి అని.

ఇండియాల అప్పటికే రాత్రి ఒంటిగంట దాటింది. అయినా అయిదు నిమిషాలల్ల రిప్లై వచ్చింది, కామారెడ్డి దిక్కు పనిచేసిన ఒక అంకుల్ దగ్గర్నుంచి. ఆఫీసులయి డిపార్ట్‌మెంట్‌ను జనరల్ హెల్త్‌ల కలిపినప్పుడు ఎటు పోయినయో తెల్వదన్నా, నా దగ్గర మాత్రం సర్వే రిజిస్టర్లు మూడు ఉన్నయి, ట్రంకు పెట్టెల, చెదలు పట్టకుండ వేపాకు వేసి పెట్టిన అని. బాపు ఆ మెసేజ్ నాకు చదివి వినిపించి, "ఇంటికి పోంగనే కామారెడ్డి పోవాలె" అన్నడు. రిటర్న్ టికెట్ ఇంకో నెల ఉంది. ముందుకు జరపొచ్చా అని అడుగుతున్నడు.